బడి ఖర్చు రాజ్యానిది: తిరువనంతపురం నుండి వయనాడు దాకా

కేరళను చూడవచ్చే యాత్రికుడు సాధారణంగా కోవళం సముద్రతీరంలో స్నానం చేసి, అలప్పుళ కాయళ్ళలో పడవ ఎక్కి, మున్నారు తేయాకు కొండలను చూసి, శ్రీ అనంతపద్మనాభుని సేవించుకొని తిరిగిపోతాడు. జూన్ మాసంలో అటు వెళ్ళేవారు అరుదు. ఆ నెలలో అక్కడ వాన మనుషులను ఇల్లు కదలనీయదు. అయితే జూన్ మొదటివారానికి ఆ రాష్ట్రంలో మరొక ప్రత్యేకత ఉన్నది. వేసవి సెలవుల అనంతరం పాఠశాలలు తెరిచేది ఆ వారంలోనే. దానిని వారు 'ప్రవేశనోత్సవం' అంటారు. బడి గుమ్మానికి తోరణాలు, రంగుల బుడగలు, ఒకటవ తరగతిలో చేరవచ్చిన పసివానికి మిఠాయి, కాగితపు కిరీటం. గొడుగుల కింద నుండి బిక్కమొగంతో తొంగిచూసే పిల్లలు. మనకు రథోత్సవమో, గంగజాతరో ఎంతటి వేడుకో, వారికి ఇది అంతటి వేడుక. 2025 జూన్‌లో ఈ వేడుక చూడాలనే కుతూహలంతోనే దక్షిణాపథపు ఆ కొసకు వెళ్ళాను.

ఉత్సవం కన్న ముఖ్యమైన సంగతి ఒకటున్నది. ఆ తోరణాలు కట్టిన బడులలో అధికభాగం జీతాల లెక్క ప్రభుత్వ ఖజానాలో ఉన్నది. ప్రభుత్వ పాఠశాలలు సరే. ప్రైవేటు యాజమాన్యం కింద ఉన్న ఎయిడెడ్ పాఠశాలల ఉపాధ్యాయులకు కూడ నెలనెలా జీతమిచ్చేది రాష్ట్రమే. ఈ అలవాటు నిన్నమొన్నటిది కాదు. దాని మూలాన్ని వెదుక్కొంటూ పోతే రెండువందల ఏళ్ళు దాటి వెనుకకు నడవవలసి వస్తుంది.

1817లో తిరువిదాంకూరు సంస్థానాన్ని రాణి గౌరీ పార్వతీబాయి పాలిస్తున్నది. ఆమె రాజప్రతినిధి మాత్రమే. అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళు. ఆ సంవత్సరం ఆమె పేర వెలువడిన ఒక ఉత్తరువులో, ప్రజల విద్యకయ్యే వ్యయం యావత్తు రాజ్యమే భరించవలెనన్న భావం ఉన్నది. విజ్ఞానవ్యాప్తిలో ప్రజలు వెనుకబడి ఉండరాదని, చదువు వలన వారు మెరుగైన పౌరులూ ఉద్యోగులూ కాగలరని, రాజ్యానికి కీర్తి కలుగునని అందులో కారణాలు చూపారు. బ్రిటిష్ రెసిడెంటు కర్నల్ మన్రో ప్రోద్బలం దీని వెనుక ఉన్నదని చరిత్రకారులు అంటారు. ఉండవచ్చును. సలహా ఎవరిదైనా, రాజముద్ర పడినది రాణి చేతిమీదుగానే.

ఈ ఉత్తరువు విలువ తెలియాలంటే ఆ కాలపు తక్కిన లోకాన్ని పక్కన నిలిపి చూడాలి. అంతకు నాలుగేళ్ళ ముందు, 1813 చార్టర్ చట్టంలో, ఈస్టిండియా కంపెనీ తన భారత రాజ్యమంతటిలోనూ విద్యకు ఏటా కనీసం లక్ష రూపాయలు ఖర్చు చేయవలెనని బ్రిటిష్ పార్లమెంటు విధించినది. అది కూడ చాలాకాలం సరిగా ఖర్చు కాలేదు. ఇంగ్లండులోనే ప్రాథమిక విద్యకు ప్రభుత్వం నేరుగా పూనుకొన్నది 1870 చట్టంతో. అలాంటప్పుడు పదిహేనేళ్ళ రాణి ఏలిన ఒక చిన్న సంస్థానం బడి ఖర్చు తనదని అంగీకరించడం విశేషమే.

కాని రాజముద్ర పడినంత మాత్రాన బడి తలుపు అందరికీ తెరుచుకోలేదు. ఆ సంగతి తెలుసుకొనడానికి తిరువనంతపురం నగరంలోని వెళ్ళయంబలం కూడలి నుండి బయలుదేరడం మంచిది. అక్కడ తలపాగా చుట్టిన ఒక పెద్దమనిషి కాంస్యవిగ్రహం ఉన్నది. 1980లో అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ ఆవిష్కరించిన ఆ విగ్రహం అయ్యంకాళిది. 1863లో నగరానికి దక్షిణాన వెంగానూరులో పులయ కుటుంబంలో పుట్టిన ఆయనకు చదవను వ్రాయను రాదు. పులయలు రాచబాటలపై నడవరాదన్న రోజులలో, 1893లో ఎద్దులబండి కట్టుకొని, తలపాగా చుట్టుకొని, ఆ బాటలపైనే దర్జాగా వెళ్ళినవాడు. దెబ్బలాటలు జరిగినవి. ఆయన వెనుదిరగలేదు.

1907లో ఆయన సాధుజన పరిపాలన సంఘాన్ని స్థాపించాడు. ఆ సంఘం కోరినవాటిలో మొదటిది బావి కాదు, గుడి కాదు, బడి. తమ బిడ్డలను బడిలో చేర్చుకొనేవరకు పొలాల్లో కాలు పెట్టమని కూలీలు పని మానివేశారు. పిల్లలు చదువుకోనంతవరకు భూస్వాముల మళ్ళలో గడ్డే మొలుస్తుందని అయ్యంకాళి అన్నట్టు ఇప్పటికీ అక్కడ చెప్పుకొంటారు. దేశంలో రైతుకూలీలు చేసిన తొలి సమ్మెలలో అదొకటి. కూలి పెంపుకోసం సమ్మెలు ఎన్నో విన్నాము గాని, పలక పట్టుకొనే హక్కుకోసం కడుపు మాడ్చుకొన్న సమ్మె మరొకటి ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. సముద్రపు ఒడ్డున ఉన్న జాలరులు ఆ కూలీలను తమ పడవలలో పనికి తీసుకుపోయి ఆదుకొన్నారని అంటారు.

బలరామపురం చేనేతకు ప్రసిద్ధి. జరీ అంచు తెల్లచీరలు నేసే ఆ ఊరి మగ్గాల చప్పుడు దాటి కొంతదూరం పోతే ఊరుట్టంబలం వస్తుంది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అయ్యంకాళి పంచమి అనే పులయ బాలికను చేయి పట్టుకొని ఇక్కడి పాఠశాలకు తీసుకువెళ్ళాడు. అప్పటికి దళితుల పిల్లలను చేర్చుకోవలెనని సర్కారు ఆజ్ఞ ఉన్నది. ఆ పిల్ల కూర్చున్న పాపానికి అగ్రవర్ణాలవారు బడికే నిప్పుపెట్టారు. ఆ మంటలో సగం కాలి మిగిలిన బెంచి ఒకదానిని ఊరివారు భద్రపరిచారు. 2022లో ఆ పాఠశాలకు అయ్యంకాళి-పంచమి స్మారక పాఠశాల అని నామకరణం చేశారు. ఎన్నో కోటలలో ఫిరంగులు చూశాను. కాలిన ఆ చెక్కముక్క చరిత్ర విన్నప్పుడు కలిగిన కలవరం ఆ ఫిరంగుల ముందు కలగలేదు. ఇప్పుడు అక్కడ అన్ని కులాల పిల్లలు ఒకే వరుసలో కూర్చుని మధ్యాహ్నం అన్నం తింటారు.

నిధులను గూర్చి వ్రాయబోయి కులాన్ని గూర్చి వ్రాస్తున్నానేమని పాఠకులు అనుకోవచ్చు. రెండూ ఒకటే కథ. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడి గనుకనే పంచమిని చేర్చుకొనమని ఆజ్ఞాపించే అధికారం సర్కారుకు దక్కింది. ఎవరి సొంత డబ్బుతోనో నడిచే బడి అయితే అయ్యంకాళి ఏ తలుపు తట్టి ఉండేవాడు?

నగరానికి తూర్పున నెయ్యార్ జలాశయం, దాని ఆవల అగస్త్యమల అడవులు. అంబూరి దాటాక కొన్ని కాణి గిరిజన ఆవాసాలకు నీటి మీద పడవలో దాటి, ఆ తరువాత కొండదారిని నడిచి పోవాలి. ఇలాంటిచోట్లకోసం గతశతాబ్దపు చివరి సంవత్సరాలలో కేరళ ప్రభుత్వం ఏకాధ్యాపక విద్యాలయాలను ప్రారంభించింది. ఒక పంతులమ్మ, ఒక గది, నాలుగు తరగతులు. ఆ పంతులమ్మలలో ఒకరు రెండు దశాబ్దాలకు పైగా ప్రతి ఉదయం తానే పడవ నడుపుకొని, నది దాటి, కొండ ఎక్కి పాఠం చెప్పేవారు. 2022లో ప్రభుత్వం ఈ విద్యాలయాలను మూసివేసింది. పిల్లలను పెద్ద పాఠశాలలకు మారుస్తామన్నది. గౌరవవేతనం మీద పనిచేసిన ఉపాధ్యాయులలో కొందరికి బడులలోనే స్వీపరు ఉద్యోగాలిచ్చింది. నిన్నటిదాకా అక్షరాలు దిద్దించిన చేతికి చీపురు వచ్చింది. ఊడ్చే పని నీచమని కాదు. అయినా రెండువందల ఏళ్ళ కిందట బడి ఖర్చు నాదన్న గడ్డమీద ఈ దృశ్యం చూడవలసిరావడం శోచనీయం. కేరళను పొగడేవారు, అందులో నేనూ ఒకడిని, ఈ పుటను దాటవేయరాదు.

తిరువనంతపురం నుండి కోళిక్కోడుకు రైలుదారి నాలుగువందల కిలోమీటర్లు. కిటికీ పక్కన కూర్చుంటే కొబ్బరితోటలు, కాలువలు, చర్చి గోపురాలు, మసీదు మినార్లు, వాటి నడుమ ప్రతి నాలుగైదు మైళ్ళకు పెంకుల కప్పు, పొడవాటి వరండా ఉన్న బడి. కొట్టాయం ప్రాంతంలో మిషనరీలు, కురియాకోస్ చావరా వంటి క్రైస్తవ గురువులు, దక్షిణాన నారాయణ గురువు అనుచరులు, నాయర్ సేవాసంఘం, మలబారులో ముస్లిం సంస్థలు, అందరూ బడులు పెట్టారు. పోటీలు పడి పెట్టారు. అయితే వాటిలో పనిచేసే ఉపాధ్యాయుల బ్రతుకు చాలాకాలం దైన్యంగానే ఉండినది. ఒక మొత్తానికి సంతకం చేసి అంతకంటె తక్కువ పుచ్చుకొనే దురాచారం ఉండినది. యజమానికి కోపం వస్తే మరునాటికి ఉద్యోగం ఉండేది కాదు.

త్రిచ్చూరు వచ్చినప్పుడు జోసఫ్ ముండశ్శేరి గుర్తుకువస్తాడు. కాలేజీ ఆచార్యుడు, పేరెన్నికగన్న మలయాళ సాహిత్య విమర్శకుడు. 1957లో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వాన ఏర్పడిన తొలి కేరళ ప్రభుత్వంలో విద్యామంత్రి. ఆయన తెచ్చిన విద్యాబిల్లు ఎయిడెడ్ ఉపాధ్యాయుల జీతాన్ని ఖజానా నుండి నేరుగా ఇప్పించాలని, నియామకాలపై ప్రభుత్వానికి అదుపు ఉండాలని ఉద్దేశించినది. రాష్ట్రపతి ఆ బిల్లును సుప్రీంకోర్టు అభిప్రాయానికి పంపారు. 1958లో కోర్టు అభిప్రాయం చెప్పినది. సవరణలతో చట్టమైనది. అంతలో చర్చి, నాయర్ సేవాసంఘం, ప్రతిపక్షాలు కలిసి 'విమోచన సమరం' సాగించినవి. 1959 జులై 31న ప్రభుత్వం బర్తరఫ్ అయినది. కారణాలు ఇంకా ఉన్నప్పటికీ, మన దేశంలో ఒక మంత్రివర్గం పతనానికి పాఠశాల బిల్లు ఇంతగా దోహదం చేసిన సందర్భం వేరొకటి లేదు. ప్రభుత్వం పోయినది గాని జీతాలు నేరుగా ఇచ్చే పద్ధతి నిలిచినది.

ఆ ఏర్పాటులో ఒక లోపమూ నిలిచినది. జీతమిచ్చేది రాష్ట్రం, నియమించేది యాజమాన్యం. నియామకానికి విరాళాలు పుచ్చుకొంటారన్న ఆరోపణ ఏనాటినుండో ఉన్నది. సొమ్ము ప్రజలది అయినప్పుడు లెక్క అడిగే హక్కు కూడ ప్రజలదే కావాలి. నిధులకోసం వాదించేవారు ఈ మాటను పెదవి చివర పెట్టుకొని మింగివేయడం మంచిది కాదు.

కోళిక్కోడు నగరం నడిబొడ్డున మానాంచిర చెరువు. దాని పక్కనున్న మైదానంలో 1991 ఏప్రిల్ 18న కేరళను సంపూర్ణ అక్షరాస్య రాష్ట్రంగా ప్రకటించారు. ప్రకటించినది మంత్రి కాదు. పెద్దవయసులో అక్షరాలు నేర్చుకొన్న చేలక్కోడన్ ఆయిషా అనే మలప్పురం గ్రామీణ స్త్రీ. 2011 జనాభా లెక్కలలో కేరళ అక్షరాస్యత 94 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 67. ఈ రెండంకెల నడుమనున్న దూరాన్ని కొందరు మలయాళీల బుద్ధిసూక్ష్మతకు ముడిపెడతారు. నాకు అది హాస్యాస్పదంగా తోస్తుంది. అక్కడ బడి నడకదూరంలో ఉన్నది, బడిలో పంతులు ఉన్నాడు, పంతులుకు నెల తిరిగేసరికి జీతం ఉన్నది. బుద్ధి మనకేమీ తక్కువ కాదు.

అయినా ఆ ప్రకటన వెలువడిన నగరంలోనే, తరువాతి కాలంలో బడులు మూతపడే రోజులు వచ్చినవి. జననాల సంఖ్య తగ్గినది; గల్ఫు డబ్బుతో ఇంగ్లీషు మీడియం పాఠశాలలు వెలసినవి; ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో పిల్లలు పలుచబడినారు. పిల్లలు తక్కువైన బడికి దస్త్రాలలో 'లాభసాటి కాని పాఠశాల' అని పేరు పెట్టారు. బడిని గూర్చి లాభనష్టాల భాష మొదలైనప్పుడే సగం బడి మూతపడినదన్నమాట. అదే సమయంలో పట్టణాలలో స్థలాల ధరలు ఆకాశాన్నంటినవి.

నగర శివారులోని మలాపరంబలో నూరేళ్ళు దాటిన ఒక ఎయిడెడ్ పాఠశాల ఉన్నది. 2014 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆ భవనాన్ని కూల్చివేశారు. తెల్లవారి చూసిన ఊరివారు దిగ్భ్రాంతి చెంది, ఊరుకోక, చందాలు వేసుకొని, తామే కూలీలై గోడలు తిరిగి లేపారు. 2016లో కోర్టు ఆజ్ఞపై బడి మూయవలసివచ్చినప్పుడు పిల్లలను జిల్లా కలెక్టరు కార్యాలయ ప్రాంగణంలోని ఒక హాలులో కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. కలెక్టరు కచేరీలో ఎక్కాలు వినిపించిన రోజులు అవి. ఆ సంవత్సరమే ప్రభుత్వం ఆ పాఠశాలను స్వాధీనపరుచుకొన్నది.

అదే నగరంలో నడక్కావు ప్రభుత్వ బాలికల పాఠశాల మరొక రకపు కథ. స్థానిక శాసనసభ్యుని చొరవతో, గల్ఫులో వ్యాపారం చేసే ఒక దంపతుల దాతృత్వ సంస్థ సాయంతో, 2013లో ఆ పాఠశాల రూపురేఖలు సమూలంగా మారినవి. ప్రయోగశాలలు, ఆటమైదానం, విశాలమైన భోజనశాల చూస్తే ఇది సర్కారుబడి అంటే నమ్మబుద్ధి కాదు. దూరప్రాంతాల నుండి అధికారులు చూడవచ్చేవారు. దాతలు ధన్యులు. కాని ఒక దాత ఒక బడిని బాగుచేయగలడు, మహా అయితే పది. పన్నెండువేలకు పైగా బడులున్న రాష్ట్రంలో తక్కినవాటి పిల్లలు దాత కోసం ఎదురుచూస్తూ కూర్చోవలెనా?

ఈ ప్రశ్నకు 2017 జనవరిలో ప్రారంభమైన 'పొదు విద్యాభ్యాస సంరక్షణ యజ్ఞం' కొంతవరకు జవాబు చెప్పినది. 'పొదు' అంటే మలయాళంలో 'అందరికీ చెందిన' అని అర్థం. నాలుగువేల ఏడువందలకు మించిన పాఠశాలలలో 45,000 తరగతి గదులకు కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు అమర్చారు. అవి నడిచేది ఖరీదైన విదేశీ సాఫ్ట్‌వేరు మీద కాదు, ఉచితంగా లభించే సాఫ్ట్‌వేరు మీద. అలా కోట్ల రూపాయలు మిగిలినవి. కొత్త భవనాలు లేచినవి. ప్రైవేటు బడులనుండి పిల్లలు తిరిగి రావడం మొదలైనది.

ఇంత డబ్బు ఎక్కడినుండి వచ్చింది? ఎక్కువ భాగం అప్పు. మౌలిక వసతుల పెట్టుబడికై 'కిఫ్‌బీ' అనే సంస్థను 2016లో పునర్వ్యవస్థీకరించి, దానిద్వారా రుణాలు సేకరించారు. 2019లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో రూపాయి బాండ్లు అమ్మి 2,150 కోట్లు తెచ్చారు. కొబ్బరిచెట్ల నడుమ లేచే తరగతిగదికి లండన్‌లో గంట మోగించి డబ్బు తేవడం విచిత్రంగానే ఉన్నది. ఆ అప్పును రాష్ట్రపు అప్పుగానే లెక్కిస్తామని కేంద్రం అన్నది. రాష్ట్రం 2023 డిసెంబరులో సుప్రీంకోర్టుకు వెళ్ళినది. ఎవరి వాదం న్యాయమో తేల్చడం న్యాయస్థానం పని. కాని బడి గోడ లేపడానికి అప్పు తప్ప గతి లేని స్థితి ఎందుకు వచ్చినదో మనం ఆలోచించాలి.

1964-66 నాటి కొఠారి కమిషన్ జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు వెచ్చించవలెనన్నది. 1968 జాతీయ విద్యావిధానం ఆ మాటను అంగీకరించినది. 1986 విధానం మళ్ళీ చెప్పినది. 2020 విధానం మరొకసారి చెప్పినది. ఆరు శాతం గీతను దేశం ఇంతవరకు తాకలేదు. 1976లో 42వ రాజ్యాంగ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలోకి మార్చినది. 2004 నుండి ప్రజలు పన్నుమీద పన్నుగా విద్యాసెస్సు చెల్లిస్తున్నారు. సెస్సు రాబడిలో రాష్ట్రాలకు ఆర్థిక సంఘం వాటా వర్తించదు. పాఠశాలలు నడిపే భారంలో అధికభాగం మాత్రం రాష్ట్రాల మీదనే ఉన్నది. 2024-25లో, పి.ఎం. శ్రీ పథకపు ఒప్పందంపై సంతకం చేయలేదన్న కారణంతో కేరళ, తమిళనాడు, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలకు సమగ్ర శిక్షా నిధులు నిలిచిపోయినవి. సంతకం చేయాలా వద్దా అన్నది ప్రభుత్వాల వివాదం. నిలిచిపోయినది పిల్లల సొమ్ము.

కోళిక్కోడు వద్ద ఒక గ్రామంలో ప్రధానోపాధ్యాయిని ఒకామె మధ్యాహ్నభోజనం లెక్క చూపించారు. అక్కడ ఉపాధ్యాయుడిని 'మాష్' అని, ఉపాధ్యాయినిని 'టీచర్' అని పిలుస్తారు. ఊరంతా ఆమెను 'టీచర్' అనే పిలుస్తున్నది. 2025 మే 1 నుండి కేంద్రం నిర్ణయించిన ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లవానికి పప్పు, కూరగాయలు, నూనె, వంటచెరకు అన్నింటికీ కలిపి రోజుకు 6 రూపాయల 78 పైసలు. బియ్యం వేరుగా వస్తుంది.

"ఒక గుడ్డు ఖరీదెంతో మీకు తెలుసు గదా సార్" అని ఆమె నవ్వారు.

కేరళ బడులలో వారానికి ఒక గుడ్డు, పాలు కూడ ఇవ్వాలి. నిధులు ఆలస్యమైన నెలలలో ప్రధానోపాధ్యాయులు తమ జేబునుండి పెట్టి, దుకాణాలలో అప్పు పెట్టి నడిపించారు. 2023లో ఈ బాకీల విషయమై వారి సంఘం హైకోర్టుకు కూడ వెళ్ళినది. అన్నట్టు, పాఠశాలలో అన్నం పెట్టే పద్ధతికి దక్షిణాదిన ఆద్యులలో ఒకరు మనవారే. 1920లో మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షుడుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి, థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిలో పిల్లలకు ఉపాహారం ఏర్పాటు చేయించారు. ఖర్చు ఎక్కువని తెల్లదొరల ప్రభుత్వం అభ్యంతరం పెట్టినది. నూరేళ్ళు గడిచినా అభ్యంతరం మాత్రం మారలేదు.

తామరశ్శేరి కనుమ తొమ్మిది మలుపులు తిరిగి ఎక్కితే వయనాడు. మిరియపు తీగెలు, కాఫీ పూలతోటలు, పొగమంచు. 2019 నవంబరులో ఈ జిల్లాలోని ఒక పట్టణంలో, ఐదవ తరగతి చదివే పదేళ్ళ బాలిక తరగతి గదిలోనే పాముకాటుకు గురియై మరణించినది. నేలలో ఉన్న రంధ్రంలో పాము ఉన్నది. ఆసుపత్రికి చేర్చడంలో జాప్యం జరిగినదన్న ఆరోపణపై కొందరిపై చర్య తీసుకొన్నారు. ఆ తరువాత రాష్ట్రమంతటా బడి గోడలను, నేలలను తనిఖీ చేశారు. గుప్పెడు సిమెంటు ఖర్చు. భవనం కట్టే సొమ్ముకు శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, పత్రికలలో ఫొటో ఉంటుంది. మరమ్మతు సొమ్ముకు ఇవేవీ ఉండవు. అందుకే బడ్జెటులో ముందుగా కోత పడేది దానికే. నేను తిరిగివచ్చిన మరుసటి నెలలోనే, 2025 జులైలో, కొల్లం జిల్లాలోని ఒక ఎయిడెడ్ బడిలో రేకులషెడ్డు పైకి జారిన చెప్పు తీసుకోబోయి పదమూడేళ్ళ బాలుడు కరెంటుతీగె తగిలి మరణించాడు. ఆ తీగె షెడ్డుకు అందేటంత ఎత్తులో అంతకుముందు నుండీ వేలాడుతూనే ఉన్నది.

ఈ మాటలు చదివి, కేరళ గతి కూడ ఇంతేనా అని మనవారు తృప్తిపడనక్కరలేదు. 2024-25 విద్యాసంవత్సరపు కేంద్రప్రభుత్వ లెక్క ప్రకారం దేశంలో ఒకే ఉపాధ్యాయుడున్న బడులు 1,04,125. వీటిలో అత్యధికం, 12,912, ఆంధ్రప్రదేశ్‌లోనివి. ఒక్క పిల్లవాడు కూడ లేని బడులు దేశంలో 7,993. వాటిలో రెండువేలకు పైగా తెలంగాణలో ఉన్నవి. ఎంత చిన్న ప్రాథమిక పాఠశాలకైనా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెనన్నది 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం. ఆంధ్రలో 2019లో ఆరంభమైన 'నాడు-నేడు', తెలంగాణలో 2022లో ఆరంభమైన 'మన ఊరు-మన బడి' గోడలకు రంగులు, బడికి మరుగుదొడ్లు, నీరు తెచ్చినవి, మంచిదే. అయితే రంగు వేసిన గదిలో ఐదు తరగతులను ఒక్కడే మోస్తున్న పంతులును చూసి తల్లిదండ్రులు పిల్లవాణ్ణి ప్రైవేటు బడి వ్యాను ఎక్కిస్తారు. పిల్లలు తగ్గినారని రెండో పోస్టు ఎత్తివేస్తారు. పోస్టు లేదని మిగిలిన పిల్లలు కూడ పోతారు. చివరకు అధికారి వచ్చి బడికి గిరాకీ లేదని వ్రాస్తాడు.

మేప్పాడి నుండి చూరల్‌మలకు దారి తేయాకు తోటల మధ్యగా పోతుంది. 2024 జులై 30 తెల్లవారుజామున ముండక్కై, చూరల్‌మల గ్రామాలమీద కొండ విరిగిపడినది. రెండువందల యాభైమందికి పైగా మరణించారు. పున్నపుళ ఏటి ఒడ్డున ఉన్న వెళ్ళార్‌మల ప్రభుత్వ వృత్తివిద్యా హయ్యర్ సెకండరీ పాఠశాలలోకి బండరాళ్ళు, దుంగలు, బురద దూసుకువచ్చినవి. ముప్ఫైమందికి పైగా విద్యార్థులను ఆ బడి కోల్పోయినది. అక్కడ గోడలపై పిల్లలు వేసిన బొమ్మలు బురదపూత వెనుక కొంతకాలం కనిపిస్తూనే ఉన్నవి.

ఆ ఏడు సెప్టెంబరు 2న, కొండ విరిగిన అయిదువారాలకు, మేప్పాడిలో ఆ బడి మళ్ళీ తెరిచారు. దానికి కూడ ప్రవేశనోత్సవమనే పేరు పెట్టి, పిల్లలను బస్సులలో తీసుకువచ్చారు. మేప్పాడి ప్రభుత్వ హయ్యర్ సెకండరీ పాఠశాలలో తరగతులు ఏర్పాటైనవి. పుస్తకాలు, సంచులు కొత్తగా ఇచ్చారు. ఉపాధ్యాయులు ఎవరూ బదిలీ కోరలేదని కాదు. కాని బడికి ఉపాధ్యాయులు ఉన్నారు, జీతాలు ఆగలేదు. లాభనష్టాల లెక్కన చూస్తే ఊరే లేని బడికి తాళం వేయడమే తేలిక. పక్క బడిలో కలిపివేయవచ్చు. అలా చేయలేదు. పాత పేరుతోనే, పాత హాజరుపట్టీతోనే నడిపించారు. 2025 వేసవిలో పదవతరగతి ఫలితాలు వచ్చినప్పుడు ఆ పాఠశాలనుండి పరీక్ష వ్రాసినవారందరూ ఉత్తీర్ణులైనారు.

నేను వెళ్ళిన రోజున మేప్పాడిలో వాన కుండపోతగా కురుస్తున్నది. నాలుగుగంటలకు గంట కొట్టగానే పిల్లలు గొడుగులు విప్పుకొని బయటకు వచ్చారు. బస్సుదగ్గర నిలబడ్డ ఉపాధ్యాయుడు ఒక్కొక్కరి పేరు పిలిచి లెక్కపెట్టి ఎక్కిస్తున్నాడు. ఒక లెక్క సరిపోలేదు కాబోలు, దిగి మళ్ళీ మొదటినుండి పేర్లు పిలవసాగినాడు. వెనుక వరుసలో ఎవడో గొడుగు మూయడం రాక ఆలస్యం చేస్తున్నాడు. వాడు ఎక్కిన తరువాతనే బస్సు కదిలినది.